కర్బన ఉద్గారాల తగ్గింపులో స్థానిక సమాజాలు

ఒక ఊరు, ద్వీపం లేదా పంచాయతీ తన పరిధిలో వెలువడే కర్బన వాయువులను తానే లెక్కగట్టి, వాటిని తగ్గించే పనులను తానే నిర్ణయించుకుని, సొంత పెట్టుబడితోనో ఉమ్మడి శ్రమతోనో నడుపుకునే ప్రయత్నాలు గత అయిదు దశాబ్దాలుగా అనేక దేశాల్లో సాగుతున్నాయి. ఊరుమ్మడి గాలిమరలు, సహకార సౌర పంపుసెట్లు, గడ్డితో నడిచే వేడినీటి కేంద్రాలు, రసాయనాలు లేని సేద్యం, చెట్ల పెంపకం, ఇళ్లలో విద్యుత్ పొదుపు వీటి ప్రధాన రూపాలు. డెన్మార్క్‌లోని సామ్సో, స్కాట్లండ్‌లోని ఎగ్, కేరళలోని మీనంగాడి, తెలంగాణలోని పవర్‌గూడ ఈ కోవకు చెందిన పేరున్న ఉదాహరణలు. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. యంత్రం ఎంత మంచిది అన్నదాని కన్నా, అది ఎవరిది, దాన్ని పెట్టాలని ఎవరు తీర్మానించారు అన్నదాని మీదే ఆ ప్రయత్నం బతుకు ఆధారపడి ఉంటుంది.

ఉద్గారాల లెక్క

ఏ ఊరైనా ముందుగా చేసుకోవలసింది లెక్క. మన దేశంలో విద్యుత్తులో అధిక భాగం బొగ్గు నుంచే వస్తుంది కనుక, గ్రిడ్ నుంచి వాడుకునే ఒక్కో యూనిట్ వెనుక సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, ఉంటుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోలు, లీటరు డీజిలు కాలితే దాదాపు 2.7 కిలోలు వెలువడుతుంది. 14.2 కిలోల వంటగ్యాస్ సిలిండర్ ఖాళీ అయ్యేసరికి 40 కిలోలకు పైగా గాలిలో కలుస్తుంది.

పల్లెల్లో లెక్క ఇంతటితో పూర్తి కాదు. నీరు నిలిచిన వరి మళ్ల నుంచి, నెమరువేసే పశువుల నుంచి, కుళ్లే చెత్తకుప్పల నుంచి మీథేన్ వస్తుంది. యూరియా చల్లిన పొలాల నుంచి నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. వందేళ్ల కాలానికి లెక్కిస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా మీథేన్ సుమారు 28 రెట్లు, నైట్రస్ ఆక్సైడ్ సుమారు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తాయి. అందుకే అన్నిటినీ కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన టన్నుల్లోకి మార్చి కూడుతారు. ఆ మొత్తంలోంచి చెట్లు, నేల పీల్చుకునే కర్బనాన్ని తీసివేసినప్పుడు మిగిలేది సున్నా అయితే ఆ ఊరు కర్బన తటస్థత సాధించినట్టు.

ఇంధనాల వాడకం వల్ల భారతీయుడి సగటు ఉద్గారం ఏడాదికి సుమారు 2 టన్నులు. ప్రపంచ సగటు అంతకు రెట్టింపు పైమాటే. కాబట్టి ఐరోపా పల్లె చేయవలసిన పనీ, మన పల్లె చేయవలసిన పనీ ఒకటి కావు. అక్కడ ఉన్న వాడకాన్ని తగ్గించాలి. ఇక్కడ పెరగక తప్పని వాడకాన్ని బొగ్గు వైపు పోనివ్వకుండా చూడాలి.

చారిత్రక నేపథ్యం

1973 చమురు సంక్షోభం ఈ ఉద్యమానికి తొలి ప్రేరణ. ఇంధనాన్ని దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకునే డెన్మార్క్ ఆ దెబ్బకు విలవిల్లాడింది. అక్కడి రైతులు, కమ్మరులు, ఉపాధ్యాయులు గాలిమరలు తయారు చేయడం మొదలుపెట్టారు. ట్విండ్ అనే చోట పాఠశాల ఉపాధ్యాయులు, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి కట్టిన భారీ గాలిమర 1978లో తిరగడం మొదలైంది. ఆ తరవాత పది ఇరవై కుటుంబాలు వాటాలు వేసుకుని ఒక మరను కొనుక్కునే పద్ధతి దేశమంతా పాకింది. 2000లో కోపెన్‌హాగెన్ రేవు దగ్గర మిడెల్‌గ్రుండెన్ సముద్ర గాలిమరల క్షేత్రం సిద్ధమైనప్పుడు, ఉన్న 20 మరల్లో 10 ఒక సహకార సంఘానివి. అందులో సభ్యులు 8,500 మందికి పైనే.

జర్మనీలో ప్రేరణ వేరు. 1986 చెర్నోబిల్ అణు ప్రమాదం తరవాత బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలోని షోనావ్ అనే చిన్న పట్టణంలో కొందరు తల్లిదండ్రులు అణు విద్యుత్తు వద్దని సంఘం కట్టారు. రెండు ప్రజాభిప్రాయ సేకరణల్లో నెగ్గి, 1997లో ఊరి విద్యుత్ తీగల వ్యవస్థనే కొనేసి పౌరుల సొంత సంస్థ చేతికి తెచ్చుకున్నారు. దీనికి నాయకత్వం వహించిన ఉర్సులా స్లాడెక్‌కు 2011లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం దక్కింది.

సిద్ధాంత పరంగా ఈ ప్రయత్నాలకు బలం చేకూర్చినవారు 2009లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్. చెరువులు, అడవులు, చేపల వేట వంటి ఉమ్మడి వనరులను సర్కారు గానీ సొంతదారు గానీ మాత్రమే కాపాడగలరన్న వాదన తప్పని, నియమాలు తామే పెట్టుకుని తామే నిఘా ఉంచే సమాజాలు తరాల తరబడి వాటిని నిలుపుకున్నాయని ఆమె క్షేత్ర పరిశోధనలతో నిరూపించారు. వాతావరణ సమస్యకూ ప్రపంచ ఒప్పందం కోసం ఎదురుచూడకుండా అన్ని స్థాయుల్లోనూ పని మొదలు కావాలని వాదించారు.

సామ్సో ద్వీపం

స్థానిక కార్యాచరణకు అత్యంత సమగ్రమైన ఉదాహరణ సామ్సో. డెన్మార్క్ ప్రధాన భూభాగానికి తూర్పున కాటెగాట్ సముద్రంలో ఉన్న ఈ ద్వీపం విస్తీర్ణం 114 చదరపు కిలోమీటర్లు. 22 పల్లెలు, సుమారు 4,000 మంది జనం. బంగాళాదుంపలు, స్ట్రాబెర్రీలు పండించే రైతులే ఎక్కువ. 1990లలో ఇక్కడి కరెంటు సముద్రం అడుగున వేసిన కేబుల్ ద్వారా వచ్చేది. అందులో అధిక భాగం బొగ్గుతో తయారైనదే. ఇళ్లను వెచ్చబరిచే చమురు ఓడల్లో దిగేది.

1997లో డెన్మార్క్ ప్రభుత్వం ద్వీపాలకు ఒక పోటీ పెట్టింది. పదేళ్లలో పూర్తిగా పునరుత్పాదక ఇంధనాల మీద బతకడానికి ప్రణాళిక ఇమ్మంది. సామ్సో గెలిచింది గానీ, గెలిచినందుకు పెద్ద నిధులేమీ రాలేదు. ప్రణాళిక రాసినప్పుడు ద్వీపవాసుల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు. అదే కాలంలో ద్వీపంలోని మాంసం ప్యాకింగ్ కర్మాగారం మూతపడి సుమారు వందమందికి పని పోయింది.

కాగితం మీది ప్రణాళికను ఊళ్లలోకి తీసుకెళ్లిన వ్యక్తి సోరెన్ హెర్మన్‌సెన్. ద్వీపంలోనే రైతు కుటుంబంలో పుట్టి, ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడు. ఆయన భూతాపం గురించి ఉపన్యాసాలివ్వలేదు. కమ్మరికి, ప్లంబరుకు, రైతుకు ఇందులో ఏం పని దొరుకుతుంది, ఏం ఆదాయం వస్తుంది అన్నదే మాట్లాడాడు. ఊరూరా సమావేశాలు జరిగాయి. గాలిమర ఎక్కడ నిలపాలి, ఎవరి ఇంటి నుంచి ఎలా కనబడుతుంది, పక్కవాడికి ఇబ్బందేమిటి అన్న ప్రశ్నలన్నీ అక్కడే తేల్చుకున్నారు. పదిమందీ మన్నించే రైతులు ముందడుగు వేశాక మిగతావాళ్లు కదిలారు.

2000 నాటికి నేల మీద ఒక్కొక్కటి 1 మెగావాట్ సామర్థ్యం గల 11 గాలిమరలు లేచాయి. వాటిలో 9 రైతులవి, 2 వందలాది చిన్న వాటాదారులవి. వీటితోనే ద్వీపం విద్యుత్ అవసరాలు తీరాయి. 2003 నాటికి దక్షిణ తీరానికి ఆవల సముద్రంలో ఒక్కొక్కటి 2.3 మెగావాట్ల మరలు మరో 10 నిలిచాయి. వీటిలో 5 మునిసిపాలిటీవి, మిగతావి రైతులవి, వాటాదారులవి. కార్లు, ట్రాక్టర్లు, ఓడలు కాల్చే చమురుకు బదులుగా ఈ విద్యుత్తును ప్రధాన భూభాగానికి పంపి ఆ మేరకు లెక్క సరిచేయాలన్నది వీటి ఉద్దేశం. తయారైన విద్యుత్తును గ్రిడ్డు నిర్ణీత ధరకు కొంటుందన్న ప్రభుత్వ హామీ ఉండబట్టే బ్యాంకులు ధైర్యంగా అప్పులిచ్చాయి.

ఇళ్లను వెచ్చబరచడానికి నాలుగు ఉమ్మడి వేడినీటి కేంద్రాలున్నాయి. వాటిలో మూడు పొలాల్లో మిగిలిన గడ్డి మోపులతో నడుస్తాయి. నాలుగోది చెక్క పేళ్లతో, 2,500 చదరపు మీటర్ల సౌర ఫలకాలతో నడుస్తుంది. వేడినీరు భూమిలోని గొట్టాల ద్వారా ఇంటింటికీ చేరుతుంది. గడ్డి అమ్మే రైతు, బాయిలర్ నడిపే కార్మికుడు, గొట్టం బిగించే ప్లంబరు అందరూ ద్వీపంవారే. బయటికి పోవలసిన చమురు డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది.

పదేళ్ల గడువులోపే ద్వీపం వాడుకునే దానికన్నా ఎక్కువ పునరుత్పాదక శక్తిని తయారు చేయగలిగింది. 2007లో ఎనర్జీ అకాడమీ వెలిసింది. సామ్సో అనుభవం నుంచి పాఠాలు నేర్చుకోవడానికి అనేక దేశాల ప్రతినిధులు అక్కడికి వస్తుంటారు. 2021లో సామ్సోకు ఐక్యరాజ్యసమితి వాతావరణ కార్యాచరణ పురస్కారం లభించింది. అయినా పని పూర్తి కాలేదు. సముద్రపు గాలిమరలు చమురు లెక్కను సరిచేశాయే తప్ప చమురు వాడకాన్ని మాన్పించలేదు. 2030 నాటికి చమురు, బొగ్గు, సహజవాయువులను పూర్తిగా వదిలించుకోవాలన్నది ద్వీపం పెట్టుకున్న తదుపరి లక్ష్యం.

బ్రిటన్, జర్మనీ అనుభవాలు

ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో దాదాపు వెయ్యిమంది ఉండే ఆష్టన్ హేస్ గ్రామం కొత్త యంత్రాలతో కాక అలవాట్లతో మొదలుపెట్టింది. 2006 జనవరిలో జరిగిన తొలి సభకు సుమారు 400 మంది వచ్చారు. చెస్టర్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇంటింటి లెక్కలు తీశారు. ఒకరినొకరు తప్పుపట్టుకోవడం వద్దని, రాజకీయ నాయకుల ప్రసంగాలు వద్దని ఊరు నియమం పెట్టుకుంది. బట్టలు తీగ మీద ఆరేయడం, పైకప్పులకు వేడి పోకుండా పొరలు వేయించడం, విమాన ప్రయాణాలు తగ్గించుకోవడం వంటి పనులతోనే 2016 నాటికి ఉద్గారాలు సుమారు 24 శాతం తగ్గాయి.

అదే 2006లో డెవన్‌లోని టోట్నెస్‌లో రాబ్ హాప్కిన్స్ చొరవతో, చమురు మీద ఆధారపడటాన్ని ఊరి స్థాయిలోనే తగ్గించుకునే ట్రాన్సిషన్ టౌన్ ఉద్యమం పుట్టి అనేక దేశాలకు వ్యాపించింది. అక్కడ ఒకే వీధిలోని ఆరేడు ఇళ్లవారు బృందంగా కూడి కరెంటు, నీళ్లు, తిండి, ప్రయాణం, చెత్త గురించి ఒక్కొక్కటిగా చర్చించి మార్పులు చేసుకునే కార్యక్రమంలో 500కు పైగా కుటుంబాలు పాల్గొన్నాయి. సగటున ఒక్కో ఇల్లు ఏడాదికి 1.3 టన్నులు తగ్గించుకుంది.

స్కాట్లండ్‌లోని ఎగ్ ద్వీపంలో సుమారు వందమంది ఉంటారు. 1997లో వాళ్లు భూస్వామి నుంచి ద్వీపాన్నే కొనుక్కున్నారు. 2008లో జలం, గాలి, సూర్యరశ్మి మూడింటితో నడిచే సొంత గ్రిడ్డు ఏర్పాటు చేసుకున్నారు. ఒక ఇంటికి ఏ క్షణంలోనైనా 5 కిలోవాట్లు, దుకాణానికి లేదా సంస్థకు 10 కిలోవాట్లు మించకూడదన్నది వాళ్ల నియమం. కలవాడికీ లేనివాడికీ ఒకటే పరిమితి. విద్యుత్తులో 90 శాతానికి పైగా ఈ మూడు వనరుల నుంచే వస్తుంది.

జర్మనీలో యూండె గ్రామం 2005లో పేడ, ఇంధనం కోసం పెంచిన పంటలతో విద్యుత్తును, వేడిని తయారు చేసుకుని ఆ దేశపు తొలి జీవ ఇంధన గ్రామంగా పేరు తెచ్చుకుంది. సుమారు 130 మంది ఉండే ఫెల్డ్‌హైమ్ 2010లో తన గాలిమరల విద్యుత్తు కోసం సొంత తీగలు వేసుకుంది.

భారతదేశంలో

తమిళనాడులో మేట్టుపాళయం దగ్గరి ఓడంతురై పంచాయతీ 2006లో 350 కిలోవాట్ల గాలిమరను కోటీ 55 లక్షల రూపాయలతో కొన్నది. 40 లక్షలు పంచాయతీ పొదుపు, మిగతాది బ్యాంకు అప్పు. వీధి దీపాలకు, మంచినీటి పంపులకు పెరిగిపోతున్న బిల్లును భరించలేక తీసుకున్న నిర్ణయమది. తమ వాడకం పోగా మిగిలిన కరెంటును రాష్ట్ర విద్యుత్ బోర్డుకు అమ్మి అప్పు తీర్చుకుంది.

కేరళలోని వయనాడ్ జిల్లా మీనంగాడి పంచాయతీ 2016 జూన్ 5న కర్బన తటస్థత కార్యక్రమం మొదలుపెట్టింది. లెక్క తీయగా, చెట్లు, నేల పీల్చుకునేది పోను ఏడాదికి 11 వేల టన్నులకు పైగా మిగులుతోందని తేలింది. ఆ లోటు పూడ్చడానికి పెట్టిన చెట్ల బ్యాంకు పథకం విశిష్టమైంది. రైతు చెట్టును నరకకుండా సహకార బ్యాంకుకు తాకట్టు పెడితే చెట్టుకు ఏడాదికి 50 రూపాయల చొప్పున పదేళ్లపాటు వడ్డీ లేని అప్పు దొరుకుతుంది. చెట్టు నిలిచి ఉన్నంత కాలం అప్పు తీర్చమని ఒత్తిడి ఉండదు.

గుజరాత్‌లోని ఖేడా జిల్లా ఢుండి గ్రామంలో 2016లో రైతులు సౌర పంపుసెట్ల సహకార సంఘం పెట్టుకున్నారు. సౌర పంపు వచ్చాక నీరు తోడడానికి ఖర్చుండదు కనుక భూగర్భజలం అడుగంటే ప్రమాదం ఉంది. ఢుండి రైతులు మిగులు కరెంటును గ్రిడ్డుకు అమ్ముకోగలగడంతో, నీటిని వృథాగా తోడే బదులు సూర్యరశ్మినే ఒక పంటగా అమ్ముకునే వీలు కలిగింది.

తెలుగు నేల మీద

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా అడవుల్లోని పవర్‌గూడ అనే చిన్న గిరిజన గ్రామం 2003లోనే కర్బన విపణిలో, అంటే తగ్గించిన ఉద్గారాలను టన్నుల లెక్కన అమ్మే వ్యాపారంలో, అడుగుపెట్టింది. అక్కడి మహిళా సంఘం కానుగ మొక్కలు నాటి, గింజల నుంచి నూనె తీసింది. ఆ నూనె డీజిలుకు బదులు వాడినప్పుడు తగ్గే ఉద్గారాలను లెక్కించి, 147 టన్నులకు ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే. కానీ వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సు వల్ల వెలువడిన కాలుష్యానికి పరిహారంగా ఆ టన్నులను కొనుక్కున్నారు. సంపన్న దేశపు విమాన ప్రయాణాల భారాన్ని గోండు మహిళలు పెంచిన చెట్లు మోయవలసి రావడం న్యాయమా అన్న ప్రశ్నను కూడా ఈ ఉదాహరణ మన ముందు ఉంచుతుంది.

జనగామ జిల్లా ఏనెబావి రైతులు 2006లో ఊరంతా కలిసి రసాయన ఎరువులు, పురుగుమందులు వాడబోమని తీర్మానించుకున్నారు. ఖర్చులు, అప్పులు, ఆరోగ్యం వారిని ఆ దారికి తెచ్చాయి. యూరియా తయారీకి సహజవాయువు కావాలి, చల్లాక పొలం నుంచి నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. కాబట్టి యూరియా మానడం కర్బన లెక్కలోనూ మేలే.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఈ తరహా పనిని లక్షల మంది రైతులకు చేర్చింది. దీనికి వెన్నెముక స్వయం సహాయక సంఘాల మహిళలు. పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండితో చేసే జీవామృతం, విత్తన శుద్ధికి బీజామృతం, నేలను ఎండకు వదలకుండా కప్పి ఉంచే ఆచ్ఛాదన, తొలకరికి ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లడం ప్రధాన పద్ధతులు. ఏడాది పొడుగునా పచ్చగా ఉన్న నేలలో వేర్ల ద్వారా కర్బనం చేరుతుంది. పద్ధతిని బోధించేది అధికారి కాదు, దాన్ని తన పొలంలో పాటించి చూసిన తోటి రైతే. 2024లో ఈ కార్యక్రమం గుల్బెంకియన్ మానవాళి పురస్కారాన్ని పంచుకుంది.

హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో మిగిలిపోయిన సరుకు నుంచి గ్యాసు తీసి రోజుకు సుమారు 500 యూనిట్ల కరెంటు తయారు చేసే కేంద్రం నగర చెత్తకు ఒక దారి చూపింది. పల్లెల వైపు చూస్తే, 2025లో నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి ఇళ్లపై సౌర ఫలకాలు అమర్చారు.

నిలవని ప్రయత్నాలు

బిహార్‌లోని జెహానాబాద్ జిల్లా ధర్నై గ్రామంలో 2014లో స్వచ్ఛంద సంస్థలు 100 కిలోవాట్ల సౌర మినీ గ్రిడ్డు పెట్టాయి. దశాబ్దాలుగా చీకట్లో ఉన్న ఊరు వెలిగింది. కానీ కొద్ది కాలానికే అంతకన్నా చవకగా ప్రభుత్వ కరెంటు వచ్చింది. సౌర విద్యుత్తుతో ఫ్రిజ్, టీవీ వంటివి నడపడం కష్టమయ్యేది. బ్యాటరీలు పాడైతే మార్చే బాధ్యత ఎవరిదో తేలలేదు. కొన్నేళ్లలోనే కేంద్రం మూలపడింది. ఊరివాళ్లు దాన్ని బయటివారు ఇచ్చిన వస్తువుగా చూశారే తప్ప, తమ ఆస్తిగా చూసుకునే ఏర్పాటు బలపడలేదు.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో చెన్నేకొత్తపల్లి ప్రాంతపు బోడికొండలను టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో పల్లెవాసులు 1990ల నుంచి కాపాడి, ఏడువేల ఎకరాలకు పైగా నేలను కల్పవల్లి అనే పచ్చని అడవిగా మార్చారు. మేత, ఈత ఆకు, వాగుల్లో నీరు తిరిగి వచ్చాయి. రెవెన్యూ రికార్డుల్లో మాత్రం ఆ నేల బంజరుగానే ఉండిపోయింది. 2010 తరవాత ఆ కొండల నెత్తిన గాలిమరల ప్రాజెక్టు వచ్చింది. రోడ్ల కోసం కొండలు తవ్వారు, చెట్లు పోయాయి, మట్టి వాగుల్లోకి జారింది. వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. సామ్సోలో తిరిగేదీ గాలిమరే, ఇక్కడ తిరిగేదీ గాలిమరే. అక్కడ ఊరు కూర్చుని చోటు నిర్ణయించింది. ఇక్కడ కొండను పెంచినవారిని ఎవరూ అడగలేదు.

పరిమితులు

స్థానిక కృషిని ఉన్నదానికన్నా పెద్దదిగా చూపడం దానికి మేలు చేయదు. మన ఎండకు ఇంటి మీది 3 కిలోవాట్ల సౌర ఫలకాలు ఏడాదికి సుమారు 4,000 యూనిట్లు ఇస్తాయి. అంటే దాదాపు 3 టన్నుల ఉద్గారాలు తగ్గుతాయి. 500 మెగావాట్ల బొగ్గు యూనిట్ ఒక్కటే ఏడాదికి సుమారు 30 లక్షల టన్నులు వదులుతుంది. దానికి సాటి రావాలంటే పది లక్షల ఇళ్లు కావాలి. విద్యుత్ కేంద్రాలు, ఉక్కు, సిమెంటు, రవాణా విధానాలు మారకుండా ఊళ్ల శ్రమతోనే వాతావరణం కుదుటపడదు.

లెక్కల్లోనూ జాగ్రత్త అవసరం. నాటిన మొక్కల సంఖ్య కర్బనం కాదు, బతికిన చెట్లే కర్బనం. ఒకే టన్నును ఊరూ, రాష్ట్రమూ, కొనుక్కున్న కంపెనీ తలా ఒకసారి లెక్కవేసుకునే ప్రమాదం ఉంది. పైగా వాటాకు డబ్బు పెట్టగలవాడికే లాభం దక్కితే భూమి లేనివారు, కౌలు రైతులు, అద్దె ఇళ్లవారు బయటే మిగిలిపోతారు.

చట్టం, విధానం

ఏ దేశంలో స్థానిక ప్రయత్నాలు వర్ధిల్లినా వెనుక చట్టం ఆసరా ఉంది. డెన్మార్క్‌లో 2009లో అమలులోకి వచ్చిన చట్టం కొత్త గాలిమరల్లో కనీసం 20 శాతం వాటాను చుట్టుపక్కల నివాసులకు అమ్మజూపాలని నిర్దేశించింది. ఐరోపా సమాఖ్య 2018లో పునరుత్పాదక ఇంధన సమాజాలకు చట్టబద్ధ గుర్తింపు ఇచ్చింది. మన రాజ్యాంగం 73వ సవరణతో చేర్చిన పదకొండో షెడ్యూల్‌లో సంప్రదాయేతర ఇంధనం, సామాజిక అడవులు, వంటచెరకు, పశుగ్రాసం పంచాయతీలకు అప్పగించదగిన అంశాలుగా ఉన్నాయి. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకం సౌర పంపులకు, 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం ఇంటి పైకప్పుల మీది సౌర ఫలకాలకు సహాయం ఇస్తున్నాయి. సూర్యఘర్ కింద ఇంటికి గరిష్ఠంగా 78 వేల రూపాయల రాయితీ ఉంది. కొరవడినది ఉమ్మడి యాజమాన్యానికి ప్రోత్సాహం. రాయితీ ఎక్కువగా ఇంటికో, కంపెనీకో అందుతోంది. సహకార సంఘానికీ, మహిళా సమాఖ్యకూ, గ్రామసభకూ అంతే సులువుగా అందాలి.

మూల్యాంకనం

అర్ధశతాబ్ది అనుభవం తేల్చిన సంగతులు నాలుగు. లెక్క ఊరే తీయాలి, ఊరందరికీ తెలియాలి. ఆస్తిలో వాటా, నిర్ణయంలో మాట ఊరివారికి ఉండాలి. మరమ్మతుకు డబ్బు, మనిషి మొదటి రోజే నిర్ణయం కావాలి. తగ్గే బిల్లు, దొరికే పని, నిలిచే నీరు వంటి మేలు ఇంటింటికీ కనబడాలి. ఈ నాలుగూ కుదిరిన సామ్సో, ఎగ్ నిలిచాయి. కుదరని ధర్నై నిలవలేదు. పొదుపు సంఘాలను, నీటి సంఘాలను, వన సంరక్షణ సమితులను నడిపిన అనుభవం తెలుగు పల్లెలకు ఇప్పటికే ఉంది. రాబోయే గ్రామసభ ఎజెండాలో పంచాయతీ కరెంటు బిల్లును, బోర్ల వాడకాన్ని, చెత్త లెక్కను చేర్చమని అడగడం ఈ పనికి మొదటి మెట్టు. ఆ హక్కు ప్రతి ఓటరుకూ ఉంది.